బాపుకు పెద్దకూర వండిపెట్టాలని ఉంది, ఇంట్లో ఎట్లా?

హనుమకొండ నుంచి ఒక తమ్ముడు నాలుగు పేజీల ఉత్తరం రాశారు. పేరు వేయవద్దన్నారు. వయసు 37, ప్రైవేటు జూనియర్ కాలేజీలో లెక్చరర్. పదకొండేళ్ల కిందట ప్రేమించి పెళ్లి చేసుకున్నారు. ఆమెది వేరే కులం. ఆమె పుట్టింట్లో కోడి, మేక, చేప అన్నీ వండుతారు గానీ పెద్దకూర, అంటే బీఫ్, మాత్రం ఎన్నడూ గడప తొక్కలేదు. వీళ్లకు తొమ్మిదేళ్ల పాప. పరకాల దగ్గరి ఊళ్లో ఉండే తల్లి నిరుడు చనిపోయారు. అప్పటి నుంచి 73 ఏళ్ల తండ్రి వీళ్ల దగ్గరే, అద్దె ఇంటి పై అంతస్తులో ఉంటున్నారు.

ఆ పెద్దమనిషి ఏదీ నోరు తెరిచి అడిగే రకం కాదట. ఒకరోజు టీవీ చూస్తూ, తనలో తాను అనుకున్నట్టు, "మీ అవ్వ పోయినంక పెద్దకూర మొకం చూడలే బిడ్డా" అన్నారు. తమ్ముడికి ఆ రాత్రి నిద్ర పట్టలేదు. భార్య, పాప పుట్టింటికి పోయిన శనివారం చూసుకుని అరకిలో తెచ్చి, చిన్న చిన్న ముక్కలు చేసి, ఇంట్లో ఉన్న కుక్కర్లోనే ఆరు విజిల్స్ రానిచ్చారు. వాళ్లు తిరిగొచ్చేలోపు అంతా అయిపోవాలని ఒకటే తొందర.

"ముక్కలు రబ్బరు లెక్క అయినయి. బాపుకు మిగిలిందే ఆరు పళ్లు. ఒక్కో ముక్కను ఈ దవడ నుంచి ఆ దవడకు తిప్పి తిప్పి, నేను అటు చూసినప్పుడు తీసి పళ్లెం అంచుకు పెట్టిండు. తొమ్మిది ముక్కలు. నేను లెక్కపెట్టిన. పులుసుతోనే అన్నం తిని, మంచిగైంది బిడ్డా అన్నడు" అని రాశారు.

సాయంత్రం భార్య అనుకున్నదాని కన్నా ముందే వచ్చారు. ఏమీ అనలేదు. కిటికీలన్నీ తెరిచి, కుక్కర్‌ను మూడుసార్లు తోమి, దాని రబ్బరు గ్యాస్కెట్ తీసి చెత్తబుట్టలో పడేశారు. పాప గిన్నెలో మిగిలిన కూర చూసి ఏంటని అడిగితే మటన్ అని చెప్పారు తమ్ముడు. అది రెండు ముక్కలు తిని, మరునాడు ఫోన్‌లో అమ్మమ్మతో "నాన్న మటన్ వండిండు, మస్తు గట్టిగుంది" అంది. మటన్ అంత గట్టిగా ఎందుకుంటుందని అత్తమ్మ ఆలోచించారు. విషయం అర్థమైపోయింది. కూతురికి ఫోన్ చేసి గట్టిగానే అడిగారు. వారం తర్వాత బాపు, "ఇంకోసారి తెద్దామా, ఈసారి నేను ఉడకబెడతా" అంటే, ఏం చెప్పాలో తోచక, ఓనర్‌కు తెలిస్తే ఇల్లు ఖాళీ చేయిస్తాడని అనేశారు. ఆయన మళ్లీ ఆ మాట ఎత్తలేదు. భార్య కూడా ఎత్తలేదు. మామకు రాత్రి బీపీ గోలీ ఇవ్వడం మాత్రం ఒక్కరోజు మరవలేదు.

ఉత్తరం చివర ఇంకో సంగతి ఉంది. 2012 ఏప్రిల్‌లో ఉస్మానియా క్యాంపస్‌లో బీఫ్ ఫెస్టివల్ జరిగినప్పుడు ఈ తమ్ముడు అక్కడ పీజీ చదువుతున్నారు. వరుసలో నిలబడి, గొడవ జరుగుతుందని తెలిసీ, తల ఎత్తుకుని తిన్నారు. "అక్కడ తిన్నోణ్ని, నా ఇంట్లో మా బాపుకు వండిపెట్టలేకపోతున్న" అన్నారు. బీఫ్‌ను ఇనుప పాత్రలో, రెడ్ వైన్ పోసి, ఓవెన్‌లో గంటలకొద్దీ ఉడికించే వీడియో ఒకటి చూశారట. అందులో ముక్క గరిటె తగిలితేనే విడిపోయింది. అట్లా మనింట్లో అవుతుందా, లేక ఈ ఆలోచనే మానుకోవాలా, బాపును వేరే ఎక్కడికైనా తీసుకుపోయి తినిపించాలా అని అడుగుతున్నారు.

తమ్ముడూ,

ముందు ఆ తొమ్మిది ముక్కల సంగతి మాట్లాడుకుందాం. మీ ఉత్తరంలో నన్ను పట్టుకున్నది అదే. అది మీ చేతి తప్పు కాదు. మాంసం తప్పూ కాదు. మీరు కూరను సరిగ్గా అది అన్నిటికన్నా గట్టిగా ఉండే సమయానికి దించారు.

మాంసంలో రెండు రకాల పదార్థం ఉంటుంది. ఒకటి కండ పోగులు. ఇంకొకటి ఆ పోగులను కట్టకట్టి పట్టి ఉంచే తెల్లటి పొర, నరం లాంటిది, కొల్లాజెన్ అంటారు. వేడి 60 డిగ్రీలు దాటగానే పోగులు బిగుసుకుని లోపలి నీళ్లు బయటికి వదిలేస్తాయి. ముక్క ముడుచుకుపోయి గట్టిపడుతుంది. కొల్లాజెన్‌కు మాత్రం తొందర లేదు. అది 70 డిగ్రీలు దాటాక కదలడం మొదలుపెట్టి, 80, 90 దగ్గర గంటల మీద కరిగి జెలటిన్ అవుతుంది. పాయా చల్లారితే గిన్నెలో గడ్డకట్టేది ఆ జెలటినే. అది పోగుల మధ్యలోకి చేరినప్పుడే ముక్క నోట్లో జారుతుంది. మీ ఆరు విజిల్స్‌కు పట్టింది ఇరవై నిమిషాలు అనుకోండి. పోగులు బిగుసుకోవడం అయింది, పొర కరగడం ఇంకా కాలేదు. ఇంకో అరగంట ఉంచి ఉంటే బాపు ఆ తొమ్మిదిలో ఏడెనిమిది తినేవారు.

మన దగ్గర ఈ మాంసానికి ఎక్కువ సమయం పట్టడానికి ఇంకో కారణం ఉంది. ఉమ్మడి రాష్ట్రంలో 1977లో వచ్చిన గోవధ నిషేధ, పశు సంరక్షణ చట్టమే తెలంగాణలోనూ ఉంది. దాని ప్రకారం ఆవును, దూడను కోయకూడదు. బర్రె, దున్న లాంటివాటిని కూడా పాలకు, పనికి, ఈతకు ఇక పనికిరావని అధికారి సర్టిఫికెట్ ఇస్తేనే కోయాలి. అందుకే మన దగ్గర దొరికేది చాలావరకు వయసు మళ్లిన బర్రె మాంసం. ఏళ్ల తరబడి నడిచి, బరువు మోసి, ఈతలు ఈనిన ఒళ్లు. పశువుకు వయసు పెరిగే కొద్దీ ఆ పొరలు ఒకదానికొకటి ముడిపడి మొండిగా తయారవుతాయి. వీడియోలో చూపించే రెండేళ్ల పశువు మాంసానికి పట్టే సమయం వేరు, మనదానికి పట్టే సమయం వేరు. ఈ చట్టం సంగతి మీ ఆవిడతో మాట్లాడేటప్పుడు కూడా ఉపయోగపడొచ్చు. పెద్దకూర అనగానే చాలామంది ఆవునే తలుచుకుంటారు. మీరు లైసెన్సు ఉన్న దుకాణంలో కొంటే అది చాలావరకు బర్రె.

నేను పెద్దకూర తినే ఇంట్లో పుట్టినదాన్ని. మా అమ్మ బీడీలు చుట్టేది. కూర వండే రోజు మూడు రాళ్ల పొయ్యి మీద కుండ పెట్టి, ఒక్క మొద్దు లోపలికి నెట్టి, మంట రానీయకుండా నిప్పుల మీదనే ఉంచి, పక్కన చాట ఒళ్లో పెట్టుకుని కూర్చునేది. ఆకు కత్తిరించడం, తంబాకు పోయడం, చుట్టి దారం కట్టడం. కూర అయిందా అని మేం అడిగితే మూత తియ్యకుండా చాటలోకి చూసి చెప్పేది, ఇంకా నాలుగు కట్టలు అని. పది, పన్నెండు కట్టలు అయ్యేసరికి కుండ దిగేది. అంటే మూడు గంటలు. వాడకట్టు అంతటికీ ఇవ్వాళ మా ఇంట్లో ఏం వండుతున్నామో తెలిసేది. తెలియాలనే వండేవాళ్లం. ఎవరో ఒకరు గిన్నె పట్టుకుని వచ్చేవాళ్లు.

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, ఈ కూర చాటుగా వండే కూర కాదు. ఎవరైనా వస్తారేమోనని వాకిలి వైపు చూస్తూ మూడు గంటలు పొయ్యి ముందు నిలబడలేరు. ఆ రోజు మిమ్మల్ని ఇరవై నిమిషాలకే పొయ్యి ఆర్పించింది భయమే. అరకిలో మాంసానికి ఇంట్లో మూడు దాపరికాలు పుట్టాయి. పాపకు మటన్ అన్నారు, బాపుకు ఓనర్ పేరు చెప్పారు, ఆమెకు అసలు ఏమీ చెప్పలేదు. ముక్క మెత్తబడాలంటే ముందు వీటిని ఒక్కొక్కటిగా విప్పుకోవాలి. వంట అంత కష్టం కాదు, అది చివర చెబుతాను.

మీ ఆవిడ గ్యాస్కెట్ పడేసిన సంగతి మీరు రెండుసార్లు రాశారు. అది మిమ్మల్ని ఎక్కడ గుచ్చిందో నాకు తెలుసు. మన గిన్నె వేరు, మన గ్లాసు వేరు అని చూసి వచ్చిన వాళ్లకు ఎవరైనా ఒక వస్తువును పారేస్తే అది వస్తువు లాగా కనిపించదు. ఆ బాధ ఉత్తది కాదు. కానీ ఒక చిన్న నిజం కూడా చూడండి. కుక్కర్లో వాసన పట్టుకునేది ఆ రబ్బరే. స్టీలు, అల్యూమినియం తోమితే పోతుంది, గ్యాస్కెట్‌కు పట్టిన మసాలా, కొవ్వు వాసన ఎన్నిసార్లు కడిగినా మరునాటి పప్పులో వస్తుంది. చేపల పులుసు వండినా ఇంతే. ఆమె వాసనకు పడేశారా, అసహ్యానికి పడేశారా, మీరు చెప్పకుండా ఆమె వస్తువును వాడుకున్నందుకు కోపంతో పడేశారా, నాకు తెలియదు. మీకూ తెలియదు. మీరు రెండు వారాలుగా మొదటి రెండిటి మధ్య కొట్టుమిట్టాడుతున్నారు. మూడోది ఉత్తరంలో ఎక్కడా లేదు. నాకు మాత్రం మూడోదాని మీదే అనుమానం ఎక్కువ. రోజూ మూడు పూటలా తను వండే కుక్కర్లో తను లేనప్పుడు ఏదో జరిగింది, తన బిడ్డ నోట్లోకి ఏదో పోయింది, పాప తిన్న సంగతి తనకు ఆ తర్వాత అమ్మ ఫోన్ ద్వారా తెలిసింది. ఏ ఇల్లాలికైనా అది ఎట్లా ఉంటుందో ఆలోచించండి.

ఇట్లా అన్నానని ఆమె పక్షం మాట్లాడుతున్నాననుకోవద్దు. చిన్నప్పటి నుంచి ఒకదాన్ని తినకుండా పెరిగినవాళ్లకు ఆ వాసన కడుపులో తిప్పుతుంది, అది ఒంటి పని. దాన్ని ఎవరూ తప్పుపట్టలేరు. కానీ తినేవాళ్ల మనిషితనం మీదికి అది పోతే అప్పుడు తప్పుపట్టాలి. రెండిటి మధ్య ఎక్కడ ఉన్నారో ఆమెనే అడగాలి. అడగకుండా మనసులో తీర్పు రాసుకుంటే పదకొండేళ్ల కాపురానికి అన్యాయం చేసినట్టు. మామగారికి రోజూ గుర్తుపెట్టుకుని గోలీ ఇచ్చే మనిషి అని మీరే రాశారు కదా.

ఎట్లా మొదలుపెట్టాలి అంటే, క్షమాపణతో. వండినందుకు వద్దు, ఎప్పుడూ వద్దు. చెప్పనందుకు, పాపతో అబద్ధం ఆడినందుకు. "నేను నీకు చెప్పకుండా చేసిన, అది తప్పు. బాపు ఏడాది తర్వాత నోరు తెరిచి అడిగిండు. ఆయనకు మన ఇంట్లో వండిపెట్టాలని ఉంది. నీకు ఇబ్బంది లేకుండా ఎట్లా చేద్దాం?" అంతే. ఉస్మానియా రోజుల మాటలు, ఆహార హక్కు మాటలు ఆ మొదటి రోజు తేవద్దు. అవి నిజమైన మాటలే, నేనూ నమ్ముతాను. కానీ వాటితో మొదలుపెడితే ఆమె జవాబు చెప్పాల్సింది మీకు కాదు, ఒక సభకు అవుతుంది. ముందు ఆ తొమ్మిది ముక్కల సంగతి చెప్పండి. ఆమెకు తెలిసి ఉండదు.

ఆమె సరే అంటే ఇంట్లోనే వండొచ్చు. నెలకు ఒక ఆదివారం, గంజు వేరుగా, గంటె వేరుగా, తోమేది మీరే. ఇక్కడ ఒక చిక్కు ఉంది, ముందే చెబుతాను. వేరే గంజు పెట్టుకోవడం ఆమెకు ఊరట, కానీ మీకో, బాపుకో అది పాత గాయాన్ని రేపొచ్చు. నా ఇంట్లోనే నాకు వేరు గిన్నెనా అని. దానికి నాకు తోచింది, ఆ గంజు మీరే పోయి మందంది, మంచిది చూసి కొనండి. ఎట్లాగూ ఈ వంటకు మందమైన పాత్ర కావాలి. పక్కకు పెట్టిన గిన్నె లెక్క కాకుండా బాపు గంజు లెక్క ఇంట్లోకి రావాలి, మిగతా గిన్నెల వరుసలోనే ఉండాలి. బాల్కనీ మూలకు పోతే మాత్రం ఒప్పుకోకండి.

ఆమె ఇంట్లో వద్దు అంటే? అప్పుడు ఊరు ఉంది. పరకాల పక్కన మీ ఇల్లు ఇంకా ఉందని రాశారు, తాళం వేసి ఉందని. నెలకో రెండు నెలలకో ఒక శనివారం బాపును తీసుకుని పోయి, అక్కడే కట్టెల పొయ్యి మీద వండుకోండి. నిజం చెప్పాలంటే ఇందులో లాభం కూడా ఉంది. ఆయన మనుషులు అక్కడ ఉన్నారు, కూర వండిన రోజు పక్కింటి వాళ్లు వచ్చి కూర్చుంటారు, ఒంటరి మనిషికి ముక్క కన్నా అదే ఎక్కువ కావచ్చు. నష్టమేమంటే, కొడుకు ఇంట్లో తన తిండికి చోటు లేదని ఆయనకు అర్థమవుతుంది. ఆయన అనరు. మీరు అట్లా పోయి వస్తూ ఆమె మీద లోలోపల కోపం పెంచుకుంటే అది ఇంకో చోట, ఇంకో సాకుతో బయటపడుతుంది. ఈ దారి పడితే బాపుకు ఓనర్ కథ మళ్లీ చెప్పకుండా, "ఆమెకు వాసన పడదు బాపూ, అందుకే ఇక్కడ వండుకుంటున్నం" అని ఉన్నది ఉన్నట్టు చెప్పండి. ముసలివాళ్లు ఇట్లాంటి నిజాలను మనం అనుకున్నదాని కన్నా తేలిగ్గా తీసుకుంటారు. అబద్ధాన్ని మాత్రం పట్టేస్తారు.

హోటల్ నుంచి తేవడం గురించి కూడా అడిగారు. వరంగల్ మండీబజార్‌లోనో, కాజీపేటలోనో దొరుకుతుంది, ఆకలికి తప్పు లేదు. కానీ బీపీ ఉన్న మనిషికి హోటల్ ఉప్పు, నూనె మంచిది కాదు. పైగా ఆయన అడిగింది మీ అవ్వ వండిన కూర గురించి. ఎప్పుడన్నా ఒకసారికి ఇది సరిపోతుంది, దీన్నే దారి చేసుకోకండి.

మానుకోవడం గురించి అడిగారు కాబట్టి అది కూడా చెబుతాను. మానుకుంటే ఇంట్లో గొడవ రేపటికి చల్లారుతుంది. బాపు మళ్లీ అడగరు. పెద్దకూరే కాదు, ఇంకేదీ అడగరు. కళ్లు మసకబారుతున్నా, మోకాలు నొస్తున్నా, ఓనర్ ఏమంటాడో, కోడలు ఏమంటదో అని ఊరుకునే అలవాటు పడుతుంది. నాకు భయం వేసేది అక్కడ.

పాపకు మాత్రం ఏ దారి పట్టినా నిజం చెప్పాలి. తొమ్మిదేళ్ల పిల్ల, అర్థం చేసుకుంటుంది. "ఆ రోజు తిన్నది మటన్ కాదు, పెద్దకూర. తాత వాళ్ల ఊళ్లో తింటారు, నేనూ చిన్నప్పటి నుంచి తిన్న. అమ్మ తినదు. నువ్వు తినాల్నా వద్దా పెద్దయినంక నువ్వే చూసుకో" అనండి. ఈ మాట మీరిద్దరూ కూర్చుని చెబితే మంచిది. బడిలో చెబితే ఎవరన్నా ఏమన్నా అంటారేమో అన్నది మీ టెన్షన్. అనొచ్చు. అందుకే ముందే ఇంట్లో తెలుసుకోవాలి. దాచి పెంచితే, ఎవరో అన్న రోజు అది సిగ్గుపడేదని నేర్చుకుంటుంది. తాత చేత చెప్పించండి ఆ ఊరి సంగతులు. పశువు కోసినప్పుడు వాడకట్టులో పోగులు పెట్టి ఎట్లా పంచుకునేవాళ్లో, మిగిలినదాన్ని సన్నగా కోసి ఉప్పు, పసుపు రాసి దండెం మీద ఎండబెట్టిన తునకలు వానాకాలం దాకా ఎట్లా వచ్చేవో. అవి వినాల్సిన ముచ్చట్లు.

అత్తమ్మ సంగతి మీరు పైన వేసుకోకండి. ఆమెకు జవాబు చెప్పాల్సింది మీ ఆవిడ, తన మాటల్లో, తనకు వీలైనప్పుడు. మీ ఇద్దరి మధ్య మాట కుదిరితే ఆ ఫోన్ దానంతట అదే చల్లబడుతుంది. ఓనర్ గురించి ఇంకా తక్కువ చెబుతాను. నాన్‌వెజ్ తింటామని ముందే చెప్పి ఇల్లు తీసుకున్నారు, ఆయన ఇప్పటిదాకా నోరెత్తలేదు. లేని అడ్డును మీరే తెచ్చి బాపు ముందు నిలబెట్టారు. వెళ్లి ఆ మాట వెనక్కి తీసుకోండి.

ఇక వంట. ఆ వీడియోలోని ఇనుప పాత్ర చేసే పని వేడిని నిలకడగా పట్టి ఉంచడం, ఆవిరిని పోనివ్వకపోవడం. మందమైన గంజు, బరువైన మూత, కింద పెనం ఉంటే అదే పని అవుతుంది. వైన్ ఇచ్చేది కొంచెం పులుపు, కొంచెం వాసన. మనకు గోంగూర ఉంది. సన్న సెగ మీద గంటలు ఉడికించడం మనకు కొత్త కాదు, రంజాన్‌లో హలీం చూడండి, రాత్రంతా పొయ్యి మీద ఉండి తెల్లారి తినే నిహారీ చూడండి.

కండ ఎంచుకోవడంలోనే సగం అయిపోతుంది. పిక్క కండ అడగండి, కసాయి దగ్గర బోంగ్ అంటే తెలుస్తుంది. లేదంటే మెడ, భుజం, రొమ్ము. ఇవి పశువు ఎక్కువ వాడిన కండలు, పొరలు ఎక్కువ, గంటలు ఉడికితే రుచి వీటికే వస్తుంది. మెత్తగా ఉంటుందని వెన్ను పక్క కండ ఇస్తే తీసుకోకండి, అది ఎక్కువసేపు ఉడికిస్తే పీచులాగా ఎండిపోతుంది. బాపుకు పళ్లు లేవని ఆ రోజు మీరు చిన్న ముక్కలు కొట్టించారు, ఈసారి రెండంగుళాల ముక్కలు చేయించండి. చిన్న ముక్క తొందరగా ఎండుతుంది, పెద్దది లోపల తడి నిలుపుకుంటుంది. ఉడికాక ఎట్లాగూ వేళ్లతో విడిపోతుంది. కిలో తెస్తే ఉడికి ముప్పావు కిలో కన్నా తక్కువే మిగులుతుంది, అది లెక్కలో పెట్టుకోండి. బర్రె కొవ్వు దాని పాల లాగే తెల్లగా ఉంటుంది, పైపైన ఉన్నది కోసి తీసేయండి. వాసన చాలావరకు దాంట్లోదే. సన్నటి పొరలు మాత్రం తీయకండి, కరిగేది అవే.

ముక్కలు కడిగి నీళ్లు పూర్తిగా వాడ్చి, గుడ్డతో అద్దండి. పల్లి నూనె బాగా కాగాక నాలుగైదు ముక్కల చొప్పున వేసి, కదపకుండా ఎర్రగా కాలనివ్వండి. అన్నీ ఒకేసారి గుమ్మరిస్తే నీళ్లు ఊరి ఉడుకుతాయి, కాలవు. వాటిని తీసి అదే నూనెలో మూడు ఉల్లిగడ్డలు సన్నగా తరిగి గోధుమ రంగు దాకా వేయించి, రెండు చెంచాల అల్లం ఎల్లిగడ్డ ముద్ద, పసుపు, లవంగాలు, చెక్క, ధనియాల పొడి, బాపు తట్టుకునేంత కారం వేయండి. ఉప్పు సగమే. నీళ్లు ఇగిరే కొద్దీ ఉప్పు చిక్కబడుతుంది, మిగతాది చివర చూసుకోండి. ముక్కలు తిరిగి వేసి, వేడి నీళ్లు ముక్కల ముప్పాతిక ఎత్తు దాకా పోయండి. మునిగేదాకా పోస్తే అది చారు అవుతుంది.

ఒక్కసారి ఉడుకు రాగానే చిన్న బర్నర్ మీదికి మార్చి, పెనం మీద గంజు పెట్టి, మూత చుట్టూ గోధుమపిండి ముద్ద అంటించండి. సెగ ఎంత ఉండాలంటే, చెవి పెట్టి వింటే లోపల ఒకటీ అరా బుడగ పగిలినట్టు వినిపించాలి. గలగలా మరిగితే ఎక్కువ. మూడు గంటలు మూత తెరవకండి. విజిల్ లేదు కాబట్టి ఆవిరి వంటింట్లోంచి వరండా దాకా చిమ్మదు, మీ ఆవిడకు అది కూడా కొంత నయం.

అంత గ్యాస్ కాల్చలేమంటే కుక్కర్ కూడా పనికొస్తుంది. అందులో వేడి దాదాపు 120 డిగ్రీలకు పోతుంది కాబట్టి తొందరగా అవుతుంది. కానీ విజిల్స్ లెక్కపెట్టకండి, గడియారం చూడండి. మొదటి విజిల్ తర్వాత మంట బాగా తగ్గించి 45, 50 నిమిషాలు, ఆ తర్వాత ఆవిరి దానంతట అది పోయేదాకా ఆగాలి. బలవంతంగా ఆవిరి తీస్తే లోపలి రసం ఒక్కసారిగా మరిగి ముక్క ఎండుతుంది. గంజులో వచ్చినంత బాగా రాదు గానీ బాపు నమలగలుగుతారు. గ్యాస్కెట్ ఒకటి విడిగా కొని పెట్టుకోండి.

గోంగూర చివరి పావుగంటలో, విడిగా మగ్గబెట్టి కలపండి. ముందే వేస్తే మూడు గంటలకు దాని పచ్చి రుచి ఏమీ మిగలదు. వీలైతే శనివారం రాత్రే వండి, చల్లారగానే, రెండు గంటలు దాటకుండా, ఫ్రిజ్‌లో పెట్టండి. ఆదివారం పొద్దున పైన కొవ్వు తెల్లగా పేరుకుని ఉంటుంది, గరిటెతో తీసేయొచ్చు. బీపీ మనిషికి అది మంచిది, రుచి కూడా రెండో రోజే ముదురుతుంది. బాపుకు యూరిక్ యాసిడ్ గానీ, కిడ్నీ సమస్య గానీ ఉంటే ఎంత తినొచ్చో డాక్టర్‌ను ఒక్కమాట అడగండి. పళ్ల డాక్టర్‌కు కూడా చూపించండి. నమలని ముక్క మింగితే గొంతులో అడ్డం పడే ప్రమాదం ఈ వయసులో ఉంటుంది, అందుకని కూడా ఆ తొమ్మిది ముక్కలు ఆయన పక్కకు పెట్టడమే నయమైంది.

ఇంకో మాట. "ఈసారి నేను ఉడకబెడతా" అన్నారు కదా ఆయన. పీట వేసి పొయ్యి పక్కన కూర్చోబెట్టండి. మీ అవ్వ ఏం వేసేదో, ఎప్పుడు వేసేదో మీకన్నా ఆయనకే ఎక్కువ తెలుసు. నేను పైన చెప్పినదానికి ఆయన చెప్పింది వేరుగా ఉంటే, ఆయన చెప్పినట్టే చేయండి. మూడు గంటలయ్యాక మూత తీసి, ఒక ముక్కను గంటె అంచుతో నొక్కి చూడండి. పోగులు తమంతట తాము విడిపోతే దించండి. కొంచెం ఎదురు తిరిగినా మూత పెట్టి ఇంకో అరగంట ఉంచండి.